తలకింత

బందరులో పెళ్ళికాని కుర్రాళ్ళకు ఇల్లు అద్దెకివ్వకపోవడానికి గట్టి చారిత్రక కారణమే ఉంది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఓడ దిగి, సరుకు దించుకోవడానికి కాస్త చోటిస్తే చాలన్నారు. అంతకు కొన్నేళ్ళ ముందే డచ్చివాళ్ళు అదే మాట చెప్పి దిగారు. తరవాత ఫ్రెంచివాళ్ళు. అందరూ బ్రహ్మచారులో, పెళ్ళాల్ని సముద్రం అవతల వదిలేసి వచ్చినవాళ్ళో. గోల్కొండ ప్రభువులు పాపం అమాయకులు. ఆధార్ జిరాక్సు అడగలేదు. రాత్రి తొమ్మిదికి గేటు వేసేస్తామనలేదు. ‘చుట్టాలొస్తే రెండు రోజులకు మించి ఉండకూడదు’ అన్న ఒక్క షరతు పెట్టినా ఈ దేశం కథ వేరేగా ఉండేది. పెట్టలేదు. చుట్టాలొచ్చారు, ఫిరంగులొచ్చాయి, ఆఖరికి ఇంటివాణ్ణే అరుగు మీదికి నెట్టి ఇంటిపన్ను వసూలు చేసుకున్నారు. ఖాళీ చేయించడానికి 336 ఏళ్ళు పట్టింది. పోతూ పోతూ సున్నం కూడా వేయించలేదు. ఫ్రెంచిపేట, ఇంగ్లీషుపాలెం, హాలండువాళ్ళ వలందపాలెం అంటూ అద్దెకున్నవాళ్ళ పేర్లు ఇవాళ్టికీ బందరు గోడల్లో దిగేసిన మేకుల్లా ఉన్నాయి. అంత దెబ్బతిన్న ఊరు, ఒక చేతిలో ప్లాస్టిక్ బకెట్టు, చంకలో పరుపుచుట్టతో వచ్చిన ఎమ్మెస్సీ కుర్రాణ్ణి చూసి తలుపేసుకుంటే తప్పేముంది?

ఈ చరిత్ర తెలియక నేను మూడు ఊళ్ళలో ఇల్లు వెతికాను. గుడివాడలో డిగ్రీ, బందరులో పీజీ, దివిసీమలో డీఎస్సీ. మా కృష్ణా డెల్టాలో చదువుకున్న కుర్రాడి జాతకంలో ఇవి మూడు దశలు. నాలుగోది డాలస్. కలిగినవాళ్ళ పిల్లలు మూడూ దాటేసి నేరుగా నాలుగో దశలో పడతారు. మాది కైకలూరు అవతల పల్లె, ఉన్నది ఎకరన్నర. కాబట్టి నేను ప్రతి ఊళ్ళోనూ గేటు దగ్గర చెప్పులు విడిచి, మెట్ల కింద నిలబడి, పెళ్ళిచూపుల్లో పిల్లలాగా తల దించుకుని అడిగినవాటికి జవాబులు చెప్పాను. పెళ్ళిచూపులు నయం. అక్కడ కనీసం మనింటి కుర్చీలో మనం కూర్చుంటాం.

గుడివాడ సంగతి త్వరగా తేల్చేస్తాను. ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును, ఫ్యామిలీకి మాత్రమే.’ ఆ చివరి రెండు మాటలు చదివినప్పుడల్లా నేను ఏ అమ్మకూ నాన్నకూ పుట్టకుండా బస్టాండులో మొలిచానేమోనని అనుమానం వచ్చేది. దీనికి విరుగుడు గుడివాడ గాలిలోనే ఉంది. నందమూరి పుట్టిన నిమ్మకూరు ఒకవైపు, అక్కినేని పుట్టిన రామాపురం ఇంకోవైపు. 1950లో పెట్టిన మా కాలేజీ పేరే అక్కినేని నాగేశ్వరరావు కళాశాల. ఆ ఇద్దరూ కలిసి నటించిన ‘మిస్సమ్మ’ 1955లో వచ్చింది. మొగుడూ పెళ్ళాలైతేనే బడిలో పంతులు ఉద్యోగాలిస్తామంటే, ఏ సంబంధమూ లేని ఇద్దరు గ్రాడ్యుయేట్లు మొగుడూ పెళ్ళాల్లా నటిస్తారందులో. జబ్బూ చెప్పారు, మందూ చెప్పారు. మాకు సావిత్రి దొరకలేదు, అంతే. పోనీ, కూచిపూడి ఎంతో దూరం లేదు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామై జడ ముందుకు వేసుకుంటే ఆడవాళ్ళే నేర్చుకోవలసి వచ్చిన గడ్డ ఇది. మగవాడు చీర కట్టడం మాకు అపచారం కాదు, సంప్రదాయం. కలిసి ఇల్లు వెతుకుతున్న మా ముగ్గురిలో ఒకడు నాజూగ్గా ఉండేవాడు. వాడికి చీర కట్టి, ‘కొత్తగా పెళ్ళయిందండీ, ఈయన వాళ్ళ తమ్ముడు’ అని చెప్పేంతవరకూ వచ్చాం. వాడు మీసం తియ్యనన్నాడు. ఆ మీసం వల్ల కళారంగం ఒక భామను, మేము ఒక డబుల్ బెడ్రూం పోర్షన్నూ పోగొట్టుకున్నాం. మూడేళ్ళూ ఒక ధాన్యం మిల్లు వెనక రేకుల గదిలో గడిచాయి. ఎలుకలు అద్దెలో వాటా ఇవ్వలేదు గానీ మా నోట్సును మాకన్నా శ్రద్ధగా చూశాయి.

బందరులో పద్ధతి వేరు. కృష్ణా విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. దాని ఆవరణ ఊరి బయట రుద్రవరం దగ్గర, ఇళ్ళేమో ఊళ్ళో. హాస్టల్లో ఇమడలేనివాడు గొడుగుపేట, ఈడేపల్లి, చిలకలపూడి సందులన్నీ తిరిగి చెప్పులరగదీయాలి. నాకు ఒక మంచి మేడ తగిలింది. ఓనరుగారికి బంటుమిల్లి వైపు రొయ్యల చెరువులు. ఆ మేడా, కారూ, దేవుడిగదిలో పరిచిన పాలరాయీ అన్నీ రొయ్య పెట్టిన భిక్షే. ఆయన మొదటి షరతు: ‘ఇంట్లో నీచు వండకూడదు.’ రొయ్యను అమెరికా పంపితే ఎగుమతి, అదే రొయ్యను బందరులో వేయిస్తే మైల.

రెండో ప్రశ్నకు వచ్చారు. ‘మీరేవిట్లు?’

బయటి జిల్లాలవాళ్ళకు ఈ మాట ఒకపట్టాన అర్థం కాదు. ఇందులో కులమన్న మాట ఎక్కడా లేదు, గమనించండి. మా డెల్టావాళ్ళు మర్యాదస్తులు. కత్తికి కూడా వెన్న రాసి దించుతారు. నేను ‘ఫిజిక్సండీ’ అన్నాను. ఆయన నవ్వి, ‘అది కాదు బాబూ, ఇంటిపేరేమిటి?’ అన్నారు. చెప్పాను. ఆయన ముఖం నూనెలో వేసిన పూరీలా పొంగింది. ‘ముందే చెప్పకూడదూ, మనవాళ్ళే!’ అంటూ లోపలికి కేకేసి కాఫీ తెప్పించారు. నీచు షరతు కూడా ఆ కాఫీలోనే కరిగింది. ఆదివారాలు, కిటికీలు మూసుకుని, కావాలంటే చేసుకోవచ్చన్నారు. దీన్నిబట్టి నాకు తెలిసిందేమిటంటే వాసన ఉన్నది రొయ్యలో కాదు. సిగ్గుపడి వెనక్కి రావలసింది. కాఫీ తాగి తాళంచెవి తీసుకున్నాను. ఈ వ్యాసంలో ఇతరులను వేలెత్తి చూపబోతున్న మనిషి అలాంటివాడని మీకు ముందే తెలిసి ఉండటం మంచిది.

అడ్వాన్సు రెండు నెలలు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఈ బందరులోనే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు ఊళ్ళో పెద్దవాళ్ళు సొంత బిడ్డను పరాయింటికి పంపినట్టు బాధపడ్డారు. అంతకన్నా పాతదీ గట్టిదీ అయిన బ్యాంకొకటి ఇంకా చెక్కుచెదరకుండా నడుస్తోంది: ఓనరు జేబు. అందులో వేయడానికి దారుంది, తీసుకోవడానికి కౌంటరు లేదు. నేను ఖాళీ చేసినరోజు గోడకు మేకు దిగిందని ఐదొందలు, కొళాయి కారుతోందని మూడొందలు (అది నేను పుట్టకముందు నుంచీ కారుతున్న కొళాయి), రంగులకు ఒక నెలద్దె, మనవాళ్ళబ్బాయివి కాబట్టి ఊడ్పించిన కూలి ఆయనే భరిస్తానన్నారు. లెక్క తేలేసరికి నేనే రెండొందలు ఎదురిచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టి బస్సెక్కాను.

పూర్వం బందరులో చదువుకునే పేదపిల్లలకు వారాలుండేవి. సోమవారం ఒకరింట్లో అన్నం, మంగళవారం మరొకరింట్లో. ఏడిళ్ళ తిండి తిని నోబుల్ కాలేజీలో ఇంగ్లీషు చదివి ప్లీడర్లైనవాళ్ళ కథలు మా మాస్టార్లు చెబుతుంటే క్లాసంతా ముక్కు చీదేది. ఆ ఔదార్యం ఏమైపోయిందని ఇప్పుడు వ్యాసాలు రాస్తుంటారు. ఎక్కడికీ పోలేదు. విస్తరి వేసేముందు అడిగిన ప్రశ్నా, తాళంచెవి ఇచ్చేముందు అడిగే ప్రశ్నా ఒక్కటే. ఆ ఏడిళ్ళలో ఏ ఇంటి అరుగూ ఎక్కడానికి వీల్లేని పిల్లలు ఎక్కడ తిని ఏం చదివారో ఆ కథ మా మాస్టార్లెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇక దివిసీమ.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, అవనిగడ్డలో పండేవి రెండు: వరి, పంతుళ్ళు. వరికి కాలవ నీళ్ళు కావాలి, పంతుళ్ళకు నోటిఫికేషన్ కావాలి. రెండూ అదునుకు రావు. డీఎస్సీ మాట గాలిలో వినిపించిందంటే చాలు, ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా బీఎడ్లూ డీఎడ్లూ ట్రంకుపెట్టెలతో ఈ లంకసీమలో దిగుతారు. సందుసందునా కోచింగ్, మెస్సు, స్టడీ హాలు, జిరాక్సు కొట్టు. 2018 అక్టోబరు తరవాత డీఎస్సీ మొహం చూడక జనం వాచిపోయి ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులన్నారు, ఎన్నికలొచ్చి అది అక్కడే ఆగింది. అదే ఏడాది జూన్ 13న చంద్రబాబునాయుడుగారు ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చుని తొలి సంతకం 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ఫైలు మీద పెట్టారు. ఆ సాయంత్రం రెండో సంతకం అవనిగడ్డలో జరిగింది. పెట్టినవారు మా ఓనరుగారు. పెట్టింది కొత్త అద్దెకాగితం మీద.

బందరు నుంచి వస్తూ చల్లపల్లి దాటుతుంటే ఒక ఆలోచన వచ్చింది. ఆ పక్కనే కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం ఉంది. కళింగ దండయాత్రకు పోతూ కృష్ణదేవరాయలు ఆ ఊళ్ళో ఆగి ఏకాదశి ఉపవాసముంటే, ఆంధ్ర విష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని ‘ఆముక్తమాల్యద’లో రాసుకున్నాడు. పరాయి ఊరి మనిషి, వెంట సైన్యం. దేవుడు కాబట్టి పని అప్పగించాడు. అదే ఇవాళ అవనిగడ్డ ఓనరుకు కలలో రాయలవారు కనబడితే, ‘సైన్యం ఎంతమంది? తలకింత’ అనేవాడు.

అవును, తలకింత. దివిసీమ అద్దె శాస్త్రానికి ఇదే మూలసూత్రం. మా పోర్షను రెండు గదులు, ఒక వంటిల్లు. అందులో అంతకుముందు ఒక సంసారం ఉండి నెలకు ఐదువేలు ఇచ్చేది. సంసారాన్ని మర్యాదగా సాగనంపి, గోడకు రెండు సిమెంటు అలమారలు కట్టించి, దాన్ని ‘స్టూడెంట్ రూం’ అన్నారు. ఇక ఇంటికి అద్దె లేదు, తలకు ఉంది. తలకి పదిహేనువందలు, ఎనిమిది తలలు. రావణాసురుడు డీఎస్సీకి ప్రిపేరవుతూ వచ్చి ఉంటే ఎంత గౌరవం దక్కేదో ఊహించుకోండి. ఒక్క మంచం, ఒక్క బకెట్టు నీళ్ళు, పదిహేనువేల అద్దె. అలాంటి ఆదర్శ విద్యార్థిని రాముడు అన్యాయంగా చంపాడని మా ఓనరుగారు నవమి పందిట్లో పానకం తాగుతూ బాధపడేవారు.

మాతో రాయించుకున్న కాగితం నకలు నా దగ్గర ఇంకా ఉంది. దాని సారాంశం, నా మాటల్లో: ‘ఓనరుగారనబడు మొదటి పార్టీవారికి, తలలనబడు రెండవ పార్టీవారము మనఃపూర్వకముగా వ్రాయించి ఇచ్చిన అద్దె ఖరారునామా ఏమనగా, పదకొండు నెలల గడువుకు గాను మేము ప్రతి నెలా ఐదవ తేదీలోగా తలవారీగా సొమ్ము చెల్లించగలవారము, మోటారు వేయు గంటలో మాత్రమే స్నానములు కానిచ్చుకొనువారము, డాబాపైకి సాయంకాలము ఆరు తరువాత పోనివారము, పోయిననూ పక్కమేడ వైపు చూడనివారము, బిగ్గరగా చదవనివారము, చదవకయు ఉండనివారము, ఉద్యోగము వచ్చినచో స్వీట్లు, రానిచో మరియొక పదకొండు నెలల అద్దె ఇచ్చుకొనువారము.’ ఈ పదకొండు నెలల లెక్క ఊరికే రాలేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలపాఠం ప్రకారం ఏడాదికి మించి కౌలుకిచ్చినా, అద్దెకిచ్చినా రిజిస్టరు చేయించాలి. పదకొండు నెలలైతే అక్కర్లేదని లోకం నమ్మకం. బ్రిటిష్‌వాడి చట్టాన్ని నూటపదేళ్ళు దాటినా ఒక్క నెల తేడాతో ఓడిస్తున్నామనుకునే వీరులు మా ఓనర్లు.

2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. అద్దెకిచ్చిన ఇంట్లోకి అడుగుపెట్టాలంటే ఇంటివాడు 24 గంటల ముందు తెలియజేయాలట. నీళ్ళూ కరెంటూ ఆపకూడదట. చదివి ఎనిమిదిమందిమీ పడీపడీ నవ్వాం. మా ఓనరుగారు లోపలికి రావడానికి నోటీసివ్వలేదు సరే, అసలు రావలసిన పనే లేదు. మెట్లకెదురుగా కెమెరా ఉంది. అది డాలస్‌లో ఉన్న వాళ్ళబ్బాయి ఫోనులో కనబడుతుంది. మేము రాత్రి రెండింటికి లైటేసుకుని పెడగాజీ చదువుతుంటే, అక్కడ మధ్యాహ్నం అన్నం తింటున్న ఆ అబ్బాయి ఇక్కడ నిద్రపోతున్న తండ్రిని ఫోను చేసి లేపేవాడు. రెండు ఖండాల మీద సూర్యుడు అస్తమించని నిఘా.

లైటు సంగతి ఊరికే ఎత్తలేదు. మా గదికి సబ్‌మీటరు. యూనిట్‌కు పది రూపాయలు, ఒక యూనిట్ కాల్చినా, వంద కాల్చినా. 2022 నుంచి ఉన్న రేట్ల ప్రకారం ఇళ్ళకు మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున, 400 దాటాక రూ.9.75. అంటే రెండు ట్యూబులైట్లు, మూడు ఫ్యాన్ల మా గది ఆ ఊళ్ళో నాలుగు ఏసీలున్న మేడలకన్నా ఖరీదైన కరెంటు వాడేది. ‘సర్దుబాటు చార్జీలు వేస్తున్నార్రా నాయనా’ అనేవారు ఓనరుగారు. వేస్తున్న మాట నిజమే. ఆయన సర్దుబాటు మాత్రం వాటిని మించిపోయింది. ఇక నీళ్ళు. దివిసీమలో బోరు వేస్తే చాలాచోట్ల సముద్రం పలకరిస్తుంది. తాగడానికి 20 లీటర్ల టిన్ను కొనుక్కోవాలి, స్నానానికి ఆ ఉప్పునీళ్ళే. సబ్బు నురగ రాదు. నురగ రాకపోతే సబ్బు అరగదు కదా, ఆదాయే కదా అని ఆయన ఓదార్పు.

మగపిల్లల గతే ఇలా ఉంటే ఆడవాళ్ళ సంగతి చెప్పాలా? ‘ఆడపిల్లలకైతే ఇస్తాం, గొడవుండదు’ అంటారు. ఉండదు మరి, ఏడింటికల్లా గేటుకు తాళం వేస్తే గొడవ ఎటు నుంచి వస్తుంది? మా వెనక వీధిలో ఆరుగురు ఒక పోర్షన్లో ఉండేవాళ్ళు. అందులో ఒకావిడ అత్తగారి దగ్గర ఇద్దరు పిల్లల్ని వదిలి వచ్చింది. ముప్ఫై మూడేళ్ళు. మోపిదేవి గుడికి వెళ్ళాలంటే ఇంటి ఓనరమ్మ అనుమతి, ఆలస్యమైతే భర్తకు ఫోను. రేపు క్లాసులో నలభైమంది పిల్లల్ని అదుపు చేయబోయే టీచరమ్మ ఇవాళ పొద్దుగూకాక తనను తాను అదుపు చేసుకోలేదని ఓనరమ్మ నమ్మకం.

మా ఎనిమిదోవాడి గురించి చెప్పాలి. వాడిది శ్రీకాకుళం జిల్లా. ఇక్కడి నదిపక్క శ్రీకాకుళం కాదు, అక్కడిది. లెక్కల్లో మొనగాడు, మా అందరికీ రాత్రిళ్ళు ట్యూషన్ చెప్పేవాడు. వాణ్ణి చేర్చుకోవడానికి ముందు మేం ఏడుగురం ఒక సమావేశం పెట్టుకున్నాం. ఎజెండా ఒక్కటే: ఓనరుగారు ‘వీడేవిట్లు’ అంటే ఏమనాలి? ఆయన అడగనే అడిగారు. ‘ఈయన ఎస్‌జీటీ అండీ, మేము స్కూల్ అసిస్టెంట్లం’ అని ఒకేసారి నలుగురం అన్నాం. ఆధార్ చూసి ఇంటిపేరు రెండుసార్లు కూడబలుక్కున్నారు. ఉత్తరాంధ్ర ఇంటిపేర్లు మా కృష్ణా ఓనర్ల నిఘంటువులో లేవు. ఏ గంపలో వేయాలో తెలియని కాయను పక్కన పెట్టినట్టు ఆ జిరాక్సును విడిగా మడిచి జేబులో పెట్టుకున్నారు. వాడు ఇదంతా చూస్తూ తలుపు దగ్గర పరుపుచుట్ట పట్టుకుని నిలబడ్డాడు. మేమేదో ఘనకార్యం చేసినట్టు వాడి భుజాలు తట్టాం. వాడేం అనలేదు. వాడికి ఇది ఎన్నో గదో మేము అడగలేదు.

ఆ రాత్రే సోషల్ బిట్లు చదువుతున్నాం. ‘అంటరానితనం నిర్మూలన ఏ అధికరణం?’ ఎనిమిది గొంతులూ ఒక్కసారి ‘పదిహేడు!’ అన్నాయి. ఎనిమిదోది కాస్త నెమ్మదిగా. ఆ అధికరణాన్ని అమలుచేయడానికి వచ్చిన చట్టం 1955 నాటిది, ఇప్పుడు పౌరహక్కుల పరిరక్షణ చట్టమంటారు. ఆ కారణంతో నివాసం ఉండనివ్వకపోయినా నేరమేనని అందులో రాసి ఉంది. మిస్సమ్మా, ఈ చట్టమూ ఒకే ఏడాది విడుదలయ్యాయి. మిస్సమ్మ ఇప్పటికీ టీవీలో వస్తే ఇల్లిల్లూ చూస్తారు. రెండోది మా జిల్లాలో ఎన్ని ఆటలు ఆడిందో పాత ప్రేక్షకులెవరైనా చెప్పాలి. దాని బాక్సు తిరిగి వెళ్ళిపోయినట్టుంది.

ఓనరుగారి తల్లి, మామ్మగారు, కింద వరండాలో నవారు మంచం మీద ఉండేవారు. ఆవిడకు మేమంటే ప్రేమ. కెమెరా కంటపడకుండా జంతికలు పెట్టేవారు. నవంబరులో ఒక ముసురు పట్టిన సాయంత్రం మా ఎనిమిదోవాణ్ణీ నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని ఉప్పెన కథ చెప్పారు. 1977 నవంబరు 19. అప్పుడు వాళ్ళ కాపురం నాగాయలంక దిగువన పల్లెలో. ఊరు మొత్తానికీ డాబా వాళ్ళదొక్కటే. చీకటి పడ్డాక నీళ్ళు గోడలా వచ్చాయి.

‘ఎవరు ఎక్కారో, ఎలా ఎక్కారో తెలీదు నాయనా. మాలపల్లెవాళ్ళు, పల్లెకారులు, మేమూ, పశువులు కొట్టుకొచ్చి గోడకు తగులుతుంటే అందరం ఒకళ్ళనొకళ్ళం కావలించుకుని తెల్లారిందాకా అలాగే ఉన్నాం. మా చిన్నది చలికి కొయ్యబారిపోతుంటే ఎవరో తల్లి గుండెలకు పొదువుకుని పాలిచ్చింది. మొహం కూడా చూడలేదు. తెల్లారాక వెతికాను, కనబడలేదు. ఆవిడ ఎవరైతేనేం, ఆ పిల్ల ఇప్పుడు బెజవాడలో మనవల్ని ఆడిస్తోంది.’

ఆవిడ గొంతు పూడుకుపోయింది. ఆ రాత్రి దివిసీమలో వేలమంది పోయారు. మేమిద్దరం మాట్లాడలేదు. పైన రేకుల మీద చినుకులు. మామ్మగారు కొంగుతో కళ్ళొత్తుకుని, జంతికల డబ్బా మావాడి ముందుకు జరిపి, ‘తిను నాయనా’ అన్నారు. వాడు ఒకటి తీసుకున్నాడు. ‘ఇంతకీ నువ్వు ఎవరాళ్ళబ్బాయివి?’ అన్నారు.

‘మాది శ్రీకాకుళం మామ్మగారూ’ అన్నాడు వాడు. ‘అక్కడా తుఫాన్లొస్తాయి’ అని, జంతిక కొరక్కుండా చేతిలోనే పట్టుకుని పైకి వెళ్ళిపోయాడు.

నోటిఫికేషన్ 2025 ఏప్రిల్ 20న వచ్చింది. అంతకుముందు పది నెలల్లో అది వస్తోందని పుకారు పుట్టిన ప్రతిసారీ తలకు నూరు పెరిగింది, రావడంలేదని తెలిసిన ఏసారీ తగ్గలేదు. మాకన్నా ముందు పేపరు చదివేది ఓనరుగారే. విద్యాశాఖ మంత్రి మాట్లాడిన మర్నాడు ఆయన మొహం చూస్తే చాలు, కొత్త రేటు తెలిసిపోయేది. మూడు లక్షలమందికి పైగా దరఖాస్తులు పెట్టారు. జూన్ 6 నుంచి పరీక్షలు. మే నెల అద్దె ఇవ్వడానికి నేను కిందికి వెళ్ళాను. పదహారువేల ఎనిమిదొందలు. ఓనరుగారు వాలుకుర్చీలో దిగాలుగా ఉన్నారు.

‘ఏమైంది బాబాయిగారూ?’

‘మావాడయ్యా. డాలస్‌లో ఉన్న ఇల్లు ఖాళీ చేయమన్నారట. నలుగురు కుర్రాళ్ళు కలిసి ఉంటున్నారు, వాళ్ళకు ఫ్యామిలీ కావాలట. సరే, మన తెలుగాయన ఎవరో గది ఇస్తున్నాడంటే ఫోను చేశాడు. ఆయనదీ ఈ చుట్టుపక్కలేనట. వీసా ఏమిటన్నాడట, జీతమెంతన్నాడట, గదిలో నీచు వండుతారా అన్నాడట. అన్నిటికీ చెప్పాడు పిల్లవాడు. ఆఖర్న ఇంటిపేరు అడిగాడు. చెప్పగానే ఇప్పుడే వేరేవాళ్ళు అడ్వాన్సిచ్చారని ఫోను పెట్టేశాడట. అంత చదువుకున్నవాళ్ళు, ఏడు సముద్రాలు దాటి వెళ్ళి, ఇంకా ఈ బుద్ధులేమిటయ్యా? పిల్లవాడు రాత్రంతా ఏడ్చాడు.’

నిజంగానే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒట్టు, నాకూ జాలేసింది. ఏమనాలో తోచక డబ్బు చేతిలో పెట్టాను. కళ్ళు తుడుచుకున్న చేత్తోనే లెక్కపెట్టుకున్నారు. ఎనిమిది తలలకూ సరిపోయింది. నేను మెట్లెక్కుతుంటే వెనక్కి పిలిచారు.

‘అన్నట్టు, ఆ శ్రీకాకుళం కుర్రాడి ఇంటిపేరు మావాళ్ళల్లో ముగ్గుర్ని అడిగానయ్యా, ఎవరికీ అంతుచిక్కడం లేదు. ఇంతకీ వాడేవిట్లు?’